మాత్ర మింగిన మర్నాడు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. శ్రీకాకుళంలో నాగావళి వంతెన మీద బస్సు ఆగిపోగానే నీ కథానాయిక కిటికీ చువ్వ పట్టుకుని, పక్కనున్న ముసలమ్మతో "నేను చచ్చిపోతున్నాను" అంటుంది. అక్కడ నా చేతులు కూడా చల్లబడ్డాయి. ఆ తర్వాతి వాక్యం చూసి మాత్రం కోపం వచ్చింది: "సెరటోనిన్ తగ్గిందని డాక్టరు మాత్ర రాశాడు. మర్నాడు ఆమె నవ్వుతూ బస్సెక్కింది."

మర్నాడా?

తగ్గిందని ఎవరు కొలిచారు? ఉన్నట్టుండి ప్రాణభయం ముంచెత్తే ఈ జబ్బును, పానిక్ డిజార్డర్‌ను, తేల్చే రక్తపరీక్ష లేదు. సెరటోనిన్, నోరెడ్రినలిన్, గాబా అనే మెదడు రసాయనాలు, భయాన్ని పసిగట్టే మెదడు భాగం అమిగ్డలా అన్నీ ఇందులో చేయి కలుపుతాయి. ఒక్క రసాయనం లోటని చెప్పి ముగించేంత చిన్న సంగతి కాదు. ఈ మధ్య కథల్లో ఈ పేర్లు చల్లడం ఒక ఫ్యాషనైపోయింది. పేరు రాయగానే బాధ రాసినట్టు అనుకుంటున్నారు.

విజయనగరంలో గంట స్తంభం దగ్గర నాకూ ఒకసారి గుండె దడదడలాడి, వేళ్లు తిమ్మిరెక్కి, ఊపిరి అందలేదు. ఈసీజీ బాగానే వచ్చింది. ఇంట్లో దిష్టి తీశారు. మూడోసారి వచ్చాక మానసిక వైద్యుడు సెరటోనిన్ మీద పనిచేసే సెర్ట్రలీన్ మాత్ర 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాడు. మొదటి వారం దడ ఇంకా పెరిగింది. అలా జరగవచ్చని ఆయన ముందే చెప్పాడు కనుక మానలేదు. ఐదో వారానికి గాని తెరిపి రాలేదు. గాబా మీద పనిచేసే క్లోనజిపామ్ వంటివి త్వరగా నెమ్మదింపజేస్తాయి, నిజమే. కానీ అలవాటుపడతాం, ఒక్కసారిగా ఆపకూడదు. నీ డాక్టరు ఇచ్చింది ఏ మాత్రో నీకైనా తెలియాలి కదా!

ఆ ఐదు వారాలూ కథగా రాసి పంపితే, ఒక సంపాదకుడు "పాఠకుడికి అంత ఓపిక ఉండదు" అని "కొన్నాళ్లకు" అనే ఒక్క మాటతో సరిపెట్టాడు. నా కథ చచ్చిపోయింది ఆ మాట దగ్గరే. ఇన్నేళ్లయినా ఆయనను క్షమించలేదు.

1950ల చివర్లో న్యూయార్క్‌లో డొనాల్డ్ క్లైన్ అనే వైద్యుడు ఇలాంటి రోగికి ఇమిప్రమీన్ అనే మందు ఇచ్చాడు. పానిక్ డిజార్డర్ అన్న పేరు అమెరికా వైద్యుల రోగ నిర్ణయ గ్రంథంలోకి 1980లో గాని రాలేదు. ఆ మందు మొదలై వారాలు గడిచినా ఏ మార్పూ లేదన్నాడు రోగి. వైద్యులకూ ఏమీ కనిపించలేదు. చచ్చిపోతున్నానంటూ రోజూ తమ దగ్గరికి పరుగెత్తుకొచ్చే మనిషి ఇప్పుడు రావడం లేదని గమనించింది వార్డు సిబ్బంది. ఇది చదివిన రోజు నేను ఏడ్చాను. బాగుపడటమంటే అదే, అమ్మాయీ! జరగకుండా పోయిన ఒక పరుగు. బాధ పడ్డ మనిషికే అది ముందు తెలియదు.

కలం పేరు గురించి అడిగావు. ముందు ఆ వారాలు రాయి. ముసలమ్మను మళ్లీ అదే బస్సెక్కించు. వంతెన దాటాక, ఈ పిల్ల చువ్వ పట్టుకోలేదని ఆమె చూడనీ.