రంగస్థలం దిగి సినిమా తీయబోతున్న చిరంజీవికి

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితోబాటు స్క్రిప్టు అందాయి. మొన్న కళాభారతిలో నీ నాటకం చూశాను కనుక నీ గొంతు చివరి వరుస దాకా ఎంత స్పష్టంగా వినిపిస్తుందో నాకు తెలుసు. సినిమాలో నిన్ను మొదట ఇబ్బంది పెట్టేది ఆ గొంతే. పరిషత్తు నాటకాల్లో దూరాన కూర్చున్న ప్రేక్షకుడి కోసం మాటనూ, చేతినీ, కనుబొమనూ పెంచి చూపడం నేర్చుకున్నాం. కెమెరా మూడడుగుల దూరంలో ఉన్నప్పుడు అదే నటన అరుపులా ఉంటుంది. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో నటించినవారిలో ఎక్కువమంది కెమెరాకు కొత్తవారైన ఆ పేటవాసులే. వదిలించుకోవలసిన అలవాట్లేవీ లేకపోవడమే వారికి కలిసి వచ్చిందని నా నమ్మకం. మనకు ఆ అలవాట్లు బోలెడు.

అందుకని మొదటి చిత్రంలో నువ్వు వేషం వేయకు. (కథానాయకుడి పాత్ర నీ కొలతలకే కుట్టినట్టుందని గమనించకపోలేదు.) నాటకంలో తెర లేచాక ఆవేశం తనంతట తానే మెట్టు మెట్టుగా పెరుగుతుంది. షూటింగులో చివరి సన్నివేశాన్ని మొదటి రోజే తీయవలసి రావచ్చు. అప్పుడు ఆ ఆవేశం ఏ మెట్టు మీద ఉండాలో బయట నిలబడి చెప్పవలసినవాడివి నువ్వే.

రిహార్సలు మాత్రం మానకు. కెమెరా అద్దె రోజుల లెక్కన పెరుగుతుంది. నటులు నెల రోజులపాటు సాయంత్రాలు ఒక డాబా మీద కూర్చుంటే అయ్యేది టీ ఖర్చే.

ఇక శబ్దం. నా మొదటి లఘుచిత్రంలో తల్లీకొడుకుల సంభాషణను ఫిషింగ్ హార్బరులో, తెల్లవారుజామున చేపల వేలం జరుగుతుండగా తీశాను. కెమెరాకున్న మైకునే నమ్ముకున్నాను. ఇంటికి వచ్చి వింటే బోటు ఇంజన్ల రొద తప్ప తల్లి మాట ఒక్కటీ లేదు. మూడు వారాల తర్వాత ఆమె చేత డబ్బింగ్ చెప్పించాం. పెదవులు కలిశాయి కానీ, ఆ చలిలో ఆమె గొంతులో పలికిన జీర తిరిగి రాలేదు. అప్పటినుంచి విడిగా మైకు పెట్టుకోవడమే కాక, ఎక్కడ తీసినా షాట్లు అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి, ఒక నిమిషంపాటు ఆ చోటి నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తున్నాను. ఎడిటింగులో రెండు మాటల ముక్కలు అతికేటప్పుడు మధ్య ఖాళీలో పరచడానికి అదే కావాలి. రామకృష్ణా బీచ్‌లో నిశ్శబ్దమంటే అలల హోరే, అదీ షాటు షాటుకూ మారిపోతుంది. నీ స్క్రిప్టులో బీచ్ సన్నివేశాలు మొత్తం ఏడు ఉన్నాయి. రెండు చాలు.

థియేటర్లో విడుదల చేయాలంటే 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సెన్సారు సర్టిఫికెట్ తప్పనిసరి. కథలో బీచ్ గుర్రం ఉంది కనుక జంతు సంక్షేమ మండలి అనుమతి కాగితం కూడా అడుగుతారు. గుర్రాన్ని తీసేయడమే తేలిక.

మూడో సన్నివేశంలో, కొడుకు ఇల్లు వదిలి వెళ్ళాక తండ్రి చెప్పే రెండు పేజీల మాటలకు వేదిక మీద చప్పట్లు తప్పక పడతాయి. నాకు నచ్చింది మాత్రం ఆ మాటలయ్యాక ఆయన వంగి, కొడుకు వదిలేసిన పాత చెప్పులను గుమ్మం లోపలికి జరపడం. మాటలన్నీ కొట్టేసి, ఆ ఒక్కటీ నీ ఫోనుతోనే తీసి పట్టుకురా. ఆదివారం ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో.