క్యాప్సూల్‌కు వేళ ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మా నాన్నగారికి పెద్దపేగులో పుండ్లు పడ్డాయని డాక్టరుగారు మెసలమిన్ క్యాప్సూళ్లు రాశారు. మింగిన కొన్ని గంటల తరువాత గానీ మందు విడుదల కాదని షాపులో చెప్పారు. లోపలున్న క్యాప్సూల్‌కు వేళ ఎలా తెలుస్తుంది? ఆయన మింగలేకపోతున్నారని అమ్మ దాన్ని విప్పి, లోపలి పూసలను నూరి మజ్జిగన్నంలో కలిపి పెడుతోంది. ఇది తప్పా?
— ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: అమ్మగారి ఆదుర్దా అర్థమవుతోంది గానీ, నూరడం మాత్రం ఈ రోజే మానిపించండి. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీటిని ఎగువ చేలే వాడేసుకుంటే శివారు ఆయకట్టుకు ఏం మిగులుతుందో మీ కోనసీమ వారికి నేను చెప్పనక్కరలేదు. నూరితే పూసల మీది పూత పోతుంది. పూత పోయిన మెసలమిన్ గతీ అంతే: అందులో చాలా భాగం చిన్నపేగు పైభాగంలోనే రక్తంలోకి పీల్చుకుపోతుంది. ఈ మందు పుండు పడిన పేగు పొరను నేరుగా తాకి పనిచేసేది కాబట్టి, రక్తంలో కలిసినంత మాత్రాన ప్రయోజనం లేదు.

ఇక వేళ సంగతి. మింగిన మందు జీర్ణాశయంలో ఎంతసేపు ఉంటుందో చెప్పలేం. పరగడుపున గంటలోపే దాటవచ్చు, కడుపునిండా భోంచేస్తే చాలా గంటలు పట్టవచ్చు. చిన్నపేగు ప్రయాణం మాత్రం చాలామందిలో 3 నుంచి 4 గంటలే. అందుకే రూపకర్తలు మింగిన క్షణం నుంచి కాక, జీర్ణాశయం దాటిన క్షణం నుంచి లెక్క మొదలయ్యేలా చూస్తారు. ఆమ్లంలో కరగని పైపూత చిన్నపేగులోకి రాగానే కరుగుతుంది. అప్పుడు తడి తగిలిన లోపలి పొర మెల్లగా ఉబ్బుతూ, అరుగుతూ పోయి, దాని మందాన్ని బట్టి నిర్ణయించిన సమయానికి మందును వదులుతుంది. మరో పద్ధతిలో, నీటిలో కరగని క్యాప్సూల్ గొట్టం మూతికి బిరడా బిగిస్తారు. అది తేమ పీల్చి ఉబ్బి, కాసేపటికి తనంత తానే బయటికి జారిపోతుంది.

అయితే కేవలం కాలాన్ని నమ్ముకోవడం చాలదని నా అభిప్రాయం, ఎందుకంటే విరేచనాలు ఎక్కువైనప్పుడు పేగుల్లో నడక వేగం మారిపోతుంది. మెసలమిన్ మాత్రల్లో చాలావాటికి పిహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 దగ్గర కరిగే పూత వేస్తారు. చిన్నపేగు చివరి భాగం ఆ స్థాయికి చేరుతుంది. ఇంకా నమ్మదగిన తాళంచెవి పెద్దపేగులోని సూక్ష్మజీవులే. స్వీడన్ వైద్యురాలు నన్నా స్వార్ట్జ్ 1940లలో వాడుకలోకి తెచ్చిన సల్ఫాసలజీన్ అనే మందు నిజానికి కీళ్లవాతం కోసం తలపెట్టినదైనా, అందులోని బంధాన్ని పెద్దపేగు బాక్టీరియా తెంచి మెసలమిన్‌ను విడదీస్తుంది. మనం కూర వండుకునే గోరుచిక్కుడు గింజల బంకను కూడా చిన్నపేగు అరిగించలేదు, ఆ బాక్టీరియా అరిగిస్తుంది. దానితో మాత్రలు చేసే పరిశోధన మన విశాఖపట్నంలోనే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, జరిగింది.

మీ నాన్నగారి క్యాప్సూల్‌లోని ప్రతి పూసకూ విడిగా పూత ఉంటుంది. అటువంటి కొన్ని రకాలను విప్పి, పూసలను నమలకుండా మెత్తని ఆహారంతో మింగవచ్చు. మీది ఆ రకమేనా, మజ్జిగన్నంతో ఇవ్వవచ్చా అన్నది డబ్బా పట్టుకెళ్లి డాక్టరుగారినే అడగండి. గ్యాస్ మందు వాడుతుంటే ఆ మాటా చెప్పండి, దానివల్ల పూత ముందే కరిగే అవకాశం ఉంది. మలంలో కరగని పూసలు మాటిమాటికీ కనిపిస్తే అదీ దాచకుండా చెప్పండి.