రేసు పెడతానంటున్న తమ్మునికి

తమ్మీ,

జడ్చర్ల, భూత్పూర్ మధ్యన ట్రాకు వేసి జాతీయ స్థాయి కార్ల రేసు తెస్తానని నువ్వు పంపిన ప్లాను మొత్తం చదివిన. మలుపులు, పిట్ గ్యారేజీలు, కంట్రోల్ టవర్ అన్నీ మంచిగ గీసినవు. ఆదివారం నాడు పదిహేను వేల మంది ఎట్ల వస్తరు, ఎట్ల పోతరు అన్నదానికి మాత్రం అర పేజీ ఇచ్చినవు. ఖర్చు మొత్తం టికెట్ల మీదనే తిరిగొస్తదని రాసినవు. నేను ఆ రెండు ముచ్చట్లే చెప్త.

మన దేశంలో రేసు ఒకసారి పెట్టుడు ఎట్లనో అయితది, రెండోసారి నిలబెట్టుడే కష్టం. గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ 2011 నుంచి 2013 దాక మూడుసార్లు నడిచి ఆగింది. అది ఆటనా, వినోదమా అన్న పన్ను పంచాయితీ దానికి పెద్ద దెబ్బ. అదే ట్రాకు మీద 2023 సెప్టెంబరులో బైకుల రేసు మోటోజీపీ జరిగింది, 2024లో జరగాల్సింది జరగలేదు. హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల రేసు ఫార్ములా ఈ 2023 ఫిబ్రవరి 11న జరిగింది. మధ్యలో ప్రభుత్వం మారింది, ఒప్పందం అమలు కాలేదని నిర్వాహకులు 2024 రేసును నెల ముందుగాల రద్దు చేసిన్రు. ఏ ఒక్కటీ డ్రైవర్లు లేక ఆగలేదు. అందుకే మొదటి ఏడాది లెక్క రాసేటప్పుడే రెండో ఏడాదికి ఎవరు టికెట్ కొంటరు, ఎవరు పైసలు పెడ్తరు అన్నది చూసుకో.

ముందు పార్కింగ్. పదిహేను వేలల్లో ఆరు వేల మంది బండ్ల మీద ఇద్దరిద్దరు వస్తే మూడు వేల బండ్లు. ఏడు వేల మంది కార్లలో వస్తే, కారుకు మూడున్నర మంది లెక్కన రెండు వేల కార్లు. మిగతా రెండు వేల మందికి నలభై బస్సులు. ఎకరంలో దారులు పోను 120 కార్లు పడతయి, బండ్లయితే 800 దాక. కార్లకు 17 ఎకరాలు, బండ్లకు నాలుగు, బస్సులకు రెండు. ఊరికే ఉంచుకునే జాగతో కలిపి 25 ఎకరాలు కౌలుకు మాట్లాడు. నువ్వు ప్లానులో పన్నెండే చూపినవు.

ఆ పొలాలు చెల్క అయితేనే తీసుకో. రేగడిలో ఒక్క వాన పడ్డా చక్రం కదలదు. 2012లో ఇంగ్లండ్ సిల్వర్‌స్టోన్ ట్రాకు కాడ ఫార్ములా వన్ రేసప్పుడు వానకు పార్కింగ్ పొలాలు బురదయితే, శనివారం నాడు ఇరవై వేల మంది టికెట్ కొన్నోళ్లను ఇంటికాడనే ఉండుమని చెప్పాల్సి వచ్చింది. ఇంకోటి, కంది కోసిన పొలం, పత్తి తీసిన పొలం పైనుంచి చదునుగ కనబడతది గని కొడవలితో ఏటవాలుగ కోసిన మోళ్లు మేకుల లెక్క నిలబడి ఉంటయి. కొత్త టైరు పక్కగోడలోకి కూడ దిగుతయి. మోళ్లు పీకించి, రోటవేటర్ రెండు సాళ్లు తిప్పించి, రోలర్ తొక్కించి, నీళ్లు చల్లించాలె. రైతుతోని మాట్లాడేటప్పుడే ఆ ఖర్చు ఎవరిదో రాసుకో. జనవరిలో పల్లి పంట మీదున్న చెల్కను ముట్టకు, ఎంత కౌలు ఇచ్చినా ఊరితోని మాట పడ్తవు.

వచ్చుడు మూడు నాలుగు గంటల మీద సాగుతది, పోవుడు మాత్రం అందరూ ఒక్కసారే. పొలం నుంచి రోడ్డెక్కే ఒక్క దారి గుండ గంటకు 500 కార్లు పోతే గొప్ప. రెండు వేల కార్లకు ఒకటే గేటు పెడితే ఆఖరి కారు బయటపడేసరికి నాలుగు గంటలు. వేరే వేరే దిక్కులకు నాలుగు గేట్లు పెడితే ఒక్క గంటలోనే తేలుతది. హైదరాబాద్ దిక్కు పోయేటోళ్లను, కర్నూలు దిక్కు పోయేటోళ్లను పార్కింగ్‌లోనే విడగొట్టు. కల్వకుర్తి దిక్కు నుంచి 167 మీద వచ్చేటోళ్లకు జడ్చర్ల చౌరస్తా దగ్గర కాదు, పది కిలోమీటర్ల ముందు బోర్డు పెట్టు. హైవే మీద యూటర్న్ ఎవ్వరికీ ఇయ్యకు, అండర్‌పాస్ లేని దిక్కు గేటే పెట్టకు. సూర్యాపేట కాడ దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరప్పుడు పోలీసులు విజయవాడ బండ్లను నార్కట్‌పల్లి నుంచి నల్గొండ, మిర్యాలగూడ మీదుగ మళ్లిస్తరు. అసొంటి ప్లాను కావాలంటే ఎస్పీ ఆఫీసుకు ‘జనం బాగ వస్తరు’ అని కాదు, ఏ గంటకు ఏ దిక్కు నుంచి ఎన్ని బండ్లన్న కాయితం పట్కపోవాలె. సంక్రాంతి వారం మాత్రం వద్దే వద్దు. ఫిబ్రవరి మొదటి పక్షం చూడు, మార్చి నడిమికి ఎండ కొడ్తది.

టికెట్ స్కాన్, సంచి తనిఖీ కలిపి ఒక్క లైను గంటకు 350 మందిని లోపలికి పంపుతది. రెండు గంటల్లో అందరూ రావాలంటే 22 లైన్లు కావాలె, అందుల ఆడోళ్లకు ఐదారు విడిగ. బయటికి పోయే దారి మీటరు వెడల్పుకు నిమిషానికి 80 మందే. పది నిమిషాల్లో స్టాండ్లు ఖాళీ కావాలంటే అన్ని దారులు కలిపి 19 మీటర్లు. పదిహేను వేల ఫోన్లకు అక్కడి సెల్ టవర్ తట్టుకోదు, మొబైల్ టవర్ వ్యాన్ ముందే అడుగు. స్కానర్లు నెట్ లేకున్నా పనిచేసేవి తీసుకో, దుకాణపోళ్లకు చిల్లర ఉంచుకోమని చెప్పు. ఫోన్‌పే ఆగిందంటే మిర్చిబజ్జీ కాడనే కొట్లాట మొదలయితది.

స్టాండ్ ఎటు పెట్టాలన్నది జర ఆలోచించే పని. సాయంత్రం ఎండ కండ్లల్ల పడొద్దంటే స్టాండ్ ట్రాకుకు పడమర పక్క ఉండి, జనం తూర్పుకు చూడాలె. కాని చలికాలం మన దిక్కు గాలి ఎక్కువగ తూర్పు, ఈశాన్యం నుంచి కొడ్తది, ట్రాకు దుమ్మంతా స్టాండ్ మీదికే వస్తది. అయినా పడమరే మంచిదని నేనంట, దుమ్ముకు మందుంది గని ఎండకు లేదు. ట్రాకు అంచు నుంచి కంచె దాక గరిక నాటించి నాలుగు నెలలు పెంచు, పొద్దుగాల ట్యాంకర్‌తో చుట్టు దారులు తడుపు. తారు మీద మాత్రం చుక్క పడొద్దు.

ఒక సీటు నుంచి కారు నిమిషానికోసారి నాలుగైదు సెకన్లు కనబడతది. స్క్రీన్ లేకపోతే ఎవరు ముందున్నరో మూడో ల్యాప్ నుంచి ఎవ్వరికీ తెల్వదు. ప్రతి స్టాండ్ ముంగట పెద్ద స్క్రీన్, తెలుగులో కామెంటరీ, దాంట్లో పేర్లతో పాటు ఎన్ని సెకన్ల తేడా ఉందో చెప్పే మనిషి. అనౌన్సర్ అరిస్తే సరిపోతదనుకునేటోళ్లు మస్తు మంది ఉన్నరు, అసొంటోళ్లను పెట్టకు.

తాగే నీళ్లు మనిషికి మూడు లీటర్లు, అంటే 45 వేల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్రాక్టర్ ట్యాంకర్లు తొమ్మిది, ఇంకో రెండు ఎక్కువ పెట్టు. ఉత్తగ ఇయ్యి, నీళ్లు అమ్ముకునుడు వద్దు. ఆడోళ్లు నాలుగు వేల మంది వస్తరనుకుంటే యాభై మరుగుదొడ్లు కావాలె, నీళ్లు నింపే మనిషి, కడిగే మనిషి విడిగ ఉండాలె. ఇంటిల్లిపాది మళ్ల వచ్చేది రానిదీ ఇక్కడ్నే తేలుతది.

ఇంక డబ్బు. పదిహేను వేలల్లో పాసులే మూడు వేలు పోతయి, ఆ లెక్క నీకు నేను చెప్పనక్కర లేదు. పన్నెండు వేల మంది సగటున 600 పెట్టి కొంటే 72 లక్షలు. గుర్తింపు పొందిన క్రీడా పోటీ కింద వస్తే 500 దాటిన టికెట్‌కు 18 శాతం జీఎస్టీ, నీకు మిగిలేది 61 లక్షలు. ఐపీఎల్ లాంటి వాటి కింద పడితే 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం, అప్పుడు 51 లక్షల పైచిలుకు. ఏ కింద పడుతదో టికెట్ అచ్చేయకముందే ఆడిటర్‌తో రాయించుకో. ఎట్ల చూసినా కంచెలు, స్క్రీన్లు, అంబులెన్సులు, సెక్యూరిటీకే అవి అయిపోతయి. రేసుకు తన పేరు పెట్టుకునే టైటిల్ స్పాన్సర్ పైసలు సగం బ్యాంకులో పడేదాక చాంపియన్‌షిప్ ఒప్పందం మీద సంతకం పెట్టకు. కంచె మీది ప్రకటనలు, టీవీ హక్కులు, టోపీలు చొక్కాల అమ్మకం ఎవరివో ఒక్కొక్కటి అడుగు. ఫార్ములా వన్‌లో కూడ మామూలుగ రేసు పెట్టేటోనికి దక్కేది టికెట్ల డబ్బే. చాంపియన్‌షిప్‌కు నువ్వు కట్టే ఫీజు మూడు వాయిదాలు చెయ్యి, ఆఖరిది రేసు అయినంకనే.

టికెట్ వెనక వాపసు షరతు తెలుగులో రాయి. 2023లో లాస్ వేగస్ ఫార్ములా వన్‌లో ట్రాకు మీది నీళ్ల వాల్వ్ మూత లేచి ఫెరారీ కారు కిందికి కొట్టింది, మొదటి ప్రాక్టీసు ఎనిమిది నిమిషాల్లోనే ఆగింది. రెండోది నడిరాత్రి దాటినంక రెండున్నరకు పెట్టిన్రు, అప్పటికే జనాన్ని బయటికి పంపిన్రు. ఆ ఒక్క రోజు టికెట్ కొన్నోళ్లకు 200 డాలర్ల కూపన్ ఇస్తే, దాని మీద కోర్టుకు పోయిన్రు. నీ ట్రాకు మీద మూతలే ఉండొద్దు, తప్పదంటే వెల్డింగ్ చేయించు.

మోటార్ రేసుల ఫెడరేషన్ తనిఖీ నెల ముందే అయిపోవాలె. 2024లో చెన్నై వీధి రేసుకు ప్రపంచ మోటార్ రేసుల సంఘం ఎఫ్‌ఐఏ సర్టిఫికెట్ ఆఖరి రోజు దాక రాక శనివారం కార్యక్రమం గంటల కొద్దీ వెనక పడ్డది. ట్రాకు అంబులెన్సు దవాఖానకు పోతే, ఇంకోటి వచ్చేదాక రేసు ఆపాలె, జనం కోసం పెట్టినదాన్ని అక్కడికి పంపొద్దు. కంచె కింద సందు ఉండొద్దు. 2011లో బుద్ధ్‌లో మొదటి ప్రాక్టీసును ఆపింది ఒక కుక్క. మనకాడ కుక్కలతో పాటు అడవిపందులున్నయి, జాలిని అడుగు లోతు పాతించు.

పార్కింగ్ పొలాల సర్వే నంబర్లు, బోర్లు, అండర్‌పాస్‌లు గుర్తు పెట్టిన మ్యాపు పంపు. గేట్లు ఎక్కడ పడతయో గీసి పంపుత. అప్పటిదాక టికెట్ రేటు ఎవరికీ చెప్పకు.

మీ అన్న