పచ్చి సలాడ్‌లో నిషేధించిన సల్ఫైట్‌ను ఎండు బంగాళాదుంప ముక్కల్లో ఎలా వాడనిస్తున్నారు?

అమెరికాలో పచ్చిగా అమ్మే, వడ్డించే పండ్లు, కూరగాయల మీద సల్ఫైట్ (రంగు మారకుండా కలిపే రసాయనం) వాడకాన్ని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1986లో నిషేధించింది. ఎండబెట్టి ప్యాక్ చేసిన ముక్కల్లో మాత్రం లేబుల్ షరతుతో వాడుకోవచ్చు: సరుకులో 10 పీపీఎం (పది లక్షల్లో 10 వంతులు) లేదా అంతకు మించి ఉంటే ఆ సంగతి లేబుల్ మీద రాయాలి.

కోసిన ముక్కకు గాలి తగిలితే అందులోని ఎంజైమ్ వల్ల రంగు మారుతుంది. సల్ఫైట్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. చిక్కల్లా సలాడ్ బార్లలో, అంటే కోసి పెట్టిన పచ్చి కూరలను ఎవరికి వారే వడ్డించుకునే చోట్ల వచ్చింది. ఎప్పుడో కోసిన లెట్యూస్ (సలాడ్ ఆకుకూర) కూడా సల్ఫైట్ వల్ల నిగనిగలాడేది, పైగా దాని మీద ఏ లేబులూ ఉండదు. ఆస్తమా ఉన్న కొందరికి అది తిన్నాక ఊపిరాడక ప్రాణాల మీదికి వచ్చింది, మరణాలూ జరిగాయి. ప్యాకెట్ అయితే కనీసం చదివి పక్కన పెట్టే వీలుంది.

ఆ 10 పీపీఎం లెక్క సల్ఫర్ డయాక్సైడ్ రూపంలో, అదీ తయారైన సరుకులో మిగిలినదానికే. ఉదాహరణకు, కిలో సరుకులో 15 మిల్లీగ్రాముల సోడియం మెటాబైసల్ఫైట్ (ఒక రకం సల్ఫైట్) నిలిస్తే అది దాదాపు 10 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్‌తో సమానం, అంటే 10 పీపీఎం. కలిపిన మోతాదులో కొంత ఎండబెట్టేటప్పుడే ఎగిరిపోతుంది కాబట్టి, ఎంత వేశామన్న లెక్క ఒక్కటే చాలదు, పరీక్ష చేయించాల్సిందే.

ఈ 10 పీపీఎంను చాలామంది ‘సురక్షిత పరిమితి’ అనుకుంటారు. కాదు, అది లేబుల్ మీద చెప్పి తీరాల్సిన హద్దు. లేబుల్ మీద పేరు లేనంత మాత్రాన సల్ఫైట్ బొత్తిగా లేదని కాదు. కడిగితేనో ఉడికిస్తేనో పోతుందన్న నమ్మకమూ తప్పే. ఆహారంతో బంధం ఏర్పడిన భాగం మిగిలే ఉంటుంది.