గిటారు మీద గమకాలు పలుకుతాయా, అందుకు ఏ గిటారు కొనాలి?

వర్ణాల దాకా గాత్రం నేర్చుకున్న మీరు ఇంట్లో ఉన్న అకూస్టిక్ గిటారు మీద కృతులు వాయించాలనుకుంటున్నారు. మెట్లున్న (ఫ్రెట్లున్న) ఆ వాద్యం మీద గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, కుదరదని మీ మాస్టారు అంటున్నారు. అలాగైతే కడ్డీతో వాయించే స్లైడ్ గిటారు కొనాలా, మెట్లు లేని ఫ్రెట్‌లెస్ కొనాలా, లేక మామూలు ఎలక్ట్రిక్ గిటారు సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. నేనూ ముందు గాత్రం నేర్చుకుని ఆ తరువాతే ఎలక్ట్రిక్ గిటారు పట్టుకున్నవాణ్ణి కాబట్టి, నా చేతికి తెలిసిన మేరకు చెబుతాను. మామూలు ఎలక్ట్రిక్ గిటారు సరిపోతుంది. గమకానికి అడ్డు తగిలేది మెట్టు కాదు, తీగ బిగువు.

మెట్లున్న వాద్యం మీద గమకం పలకదన్న మాట నిజమైతే ముందుగా వీణనే పక్కన పెట్టవలసి ఉంటుంది. వీణకు మైనంలో దిగవేసిన 24 మెట్లు ఉంటాయి, అయినా దాని మీద పలకని గమకం లేదు. ఎందుకంటే వైణికులు మెట్టు దగ్గర వేలు ఆనించి తంతిని పక్కకు లాగుతారు, లాగిన కొద్దీ స్వరం పైకి పోతుంది. మెట్లు ఎత్తుగా ఉండి, వాటి నడుమ వేలికి చెక్క తగలకపోవడం వల్ల ఆ లాగుడు సులువవుతుంది. గిటారు మీద బ్లూస్ వాయించేవారు చేసేదీ ఇదే పని. అందువల్ల మీ మాస్టారి మాటను నేను ఇలా అర్థం చేసుకుంటాను: మీ ఇంట్లో ఉన్న ఆ గిటారు మీద, దానికి ఇప్పుడున్న తీగలతో, గమకం పలకదు. ఆ మాట వరకు ఆయన చెప్పింది నిజమే.

అకూస్టిక్ గిటార్లకు సాధారణంగా వేసే 12 నంబరు సెట్టులో మొదటి తీగ (అన్నిటికన్నా సన్ననిది) మందం అంగుళంలో వెయ్యింట 12 వంతులు. దాన్ని మామూలు శ్రుతికి బిగిస్తే దాని మీద పడే బలం దాదాపు పదిన్నర కిలోలు. ఎలక్ట్రిక్ గిటార్లకు వేసే 9 నంబరు సెట్టులో అదే తీగ మీద పడే బలం ఆరు కిలోలకు కాస్త తక్కువ. ఈ తేడా వేలికి వెంటనే తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది మూడో తీగ. అకూస్టిక్ సెట్టులో మూడో తీగకు సాధారణంగా పైన మరో సన్నని లోహపు తీగ చుట్టు ఉంటుంది, ఎలక్ట్రిక్ సెట్టులో అది చుట్టులేని నున్నని తీగ. చుట్టు తీగను ఎంత లాగినా స్వరం కొద్దిగానే పైకి పోతుంది, పైగా వేలి కింద గరగరమంటుంది. రాగాలాపనలో సగం పని మూడో తీగ మీదే జరుగుతుంది కనుక, నా దృష్టిలో గిటారు ఎంపిక కన్నా ఈ తీగ ఎంపికే పెద్దది. నైలాన్ తీగల క్లాసికల్ గిటారు మెత్తగా ఉంటుంది కదా అని అటు వెళ్ళకండి. నైలాన్‌ను ఎంత పక్కకు లాగినా స్వరం కదిలేది చాలా తక్కువ.

గిటారు కొనేటప్పుడు ఎవరూ చెప్పని ఒక విషయం బ్రిడ్జి, అంటే గిటారు ఒంటి మీద తీగలు ఆనే భాగం, గురించి. స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్లలో బ్రిడ్జి స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది. ఒక తీగను లాగగానే బ్రిడ్జి ముందుకు వంగి మిగతా తీగలన్నీ శ్రుతి దిగిపోతాయి. రాక్ సంగీతంలో ఇది ఎవరికీ పట్టదు, కానీ పక్కన షడ్జమ పంచమాలు మీటుతూ రాగం వాయించే మనకు గమకం వేసినప్పుడల్లా తంబుర కుంగిపోయినట్టు వినిపిస్తుంది. అందుచేత బ్రిడ్జి కదలని గిటారును, అంటే టెలికాస్టర్ తరహాదో, లెస్ పాల్ తరహాదో, ఎంచుకోండి. ఇప్పటికే తేలే బ్రిడ్జి ఉన్నది చేతిలో ఉంటే, వెనుక స్ప్రింగుల గదిలో తగిన మందం ఉన్న చిన్న చెక్కముక్క దిగ్గొట్టి బ్రిడ్జిని కదలకుండా ఆపవచ్చు. లెస్ పాల్ తరహా గిటార్లకు మరో సుగుణం ఉంది. వాటి తీగ మోగే నిడివి ఇరవై నాలుగూ ముప్పావు అంగుళాలు. స్ట్రాటోకాస్టర్, టెలికాస్టర్ వంటి ఫెండర్ కంపెనీ తరహావాటిలో అది ఇరవై అయిదున్నర. నిడివి తగ్గితే అదే శ్రుతికి బిగువు కూడా తగ్గుతుంది. మెట్లు బిగించిన ఫలకం మరీ గుండ్రంగా ఉన్న పాత ఫెండర్ నమూనాలలో, తీగను గట్టిగా లాగినప్పుడు అది పై మెట్లకు తగిలి స్వరం చటుక్కున ఆగిపోతుంది. కొనేముందు పన్నెండో మెట్టు దగ్గర మొదటి తీగను బాగా లాగి చూడండి.

ఇక శ్రుతి సంగతి. పాశ్చాత్యులు వాడే మామూలు శ్రుతిలో వదిలేసిన (వేలు ఆనించకుండా మీటే) తీగలు మన షడ్జమ పంచమాలకు కుదరవు. పాశ్చాత్య జానపద గిటారిస్టులకు బాగా తెలిసిన డి, ఎ, డి, జి, ఎ, డి అనే అమరిక మనకు ఎంతో అనుకూలం. ఆరు, రెండు, ఒకటి సంఖ్యల తీగలను ఒక్కొక్క పూర్తి స్వరం (రెండు మెట్లంత) చొప్పున దింపితే చాలు. రెండు శ్రుతిలో, అంటే డి షడ్జమంగా, మందపు ఆరో తీగ నుంచి చూస్తే ఆ తీగలు స, ప, స, మ, ప, స అవుతాయి. నాలుగో తీగ మధ్యస్థాయి షడ్జమం, అయిదోది మంద్ర పంచమం, మొదటిది తారషడ్జమం. మొదటి తీగ ఏడో మెట్టు మీద తారస్థాయి పంచమం దొరుకుతుంది. కచేరీలో గాత్రానికి కావలసిన పరిధి అంతా ఇందులో ఉంది. దింపిన తీగల బిగువు సుమారు అయిదో వంతు తగ్గడం వల్ల అవి మరింత సులువుగా లాగుడుకు లొంగుతాయి.

ఎడమచేతి పని దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే అసలు సాధన అక్కడే ఉంది. మాయామాళవగౌళ సరళీ వరుసలను ముందు ఒకే తీగ మీద వాయించండి. వదిలేసిన నాలుగో తీగ షడ్జమం అయితే 1, 4, 5, 7, 8, 11, 12 మెట్ల మీద మిగతా స్వరాలు వస్తాయి. గిటారు నేర్పేవారు ఒక చోట చెయ్యి ఆనించి తీగలు మారుతూ వాయించమంటారు. మనం మాత్రం వీణలో లాగా తీగ పొడవునా ప్రయాణించాలి, అప్పుడే జారు, అంటే స్వరం నుంచి స్వరానికి జారే గమకం, సహజంగా వస్తుంది. జంట వరుసలలో స్ఫురితానికి కింది స్వరం మీద ఒక వేలు ఉంచి, రెండో స్వరాన్ని మరో వేలితో కొట్టినట్టు పలికించాలి. దీనికి గిటారు వేళ్ళే బాగా పనికివస్తాయి.

కంపితం, అంటే స్వరాన్ని ఊపే గమకం, దగ్గరే కష్టం మొదలవుతుంది. తోడి గాంధారాన్ని ఉదాహరణగా తీసుకోండి. ఆ గాంధారం మెట్టు మీద వేలు నొక్కి మీటితే అది తోడి కాదు. మూడో తీగ మీద ఎనిమిదో మెట్టు తారస్థాయి రిషభం, పదోది గాంధారం, పన్నెండోది మధ్యమం. రిషభం మెట్టు మీద ఉంగరపు వేలు పెట్టి, దాని వెనుక చూపుడు వేలు, నడిమి వేలు ఆసరాగా ఉంచి, తీగను గాంధారం దాటేదాకా లాగి వదలాలి. స్వరం ఎక్కడా నిలవకుండా ఆ ఊపులోనే గాంధారం వినిపించాలి. బలం వేళ్ళ నుంచి కాక మణికట్టు తిప్పడం నుంచి రావాలి. ఇదే స్వరం మొదటి తీగ మూడో మెట్టు మీద కూడా ఉంది గానీ, నట్‌కు (మెడ చివర తీగలు ఆనే గాళ్ళ పట్టీకి) అంత దగ్గరగా తీగ కర్రలా బిగిసి ఉంటుంది, అక్కడ ప్రయత్నించకండి. అవరోహణలో మరో పద్ధతి కావాలి. తీగను చప్పుడు లేకుండా ముందే లాగి ఉంచి, అప్పుడు మీటి, మెల్లగా వదలాలి. ఎంత లాగితే ఏ స్వరం పలుకుతుందో మీటకముందే వేలికి తెలియాలి కనుక దీనికి చాలా కాలం పడుతుంది.

రాగాల వరుసలో నా సలహా: మోహనం, హంసధ్వని ముందు, శంకరాభరణం ఆ తరువాత, తోడి, సహాన, బేగడ చాలా ఆలస్యంగా. ఏది వాయించినా ముందు పాడి, పాడిన ముక్కనే వాయించండి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ నేర్చుకున్న తీరు ఇదే. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు దాన్ని మాండలిన్ మీద పలికించేవాడు. శ్రీనివాస్ చేసిన మార్పులు కూడా మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినవే: జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేశారు, అయిదో తీగ చేర్చారు, ఎలక్ట్రిక్ వాద్యాన్ని ఎంచుకున్నారు. జంట తీగలను కలిపి లాగితే రెండూ ఒకే స్వరానికి చేరవు, ఎలక్ట్రిక్ కాకపోతే మాండలిన్ నాదం గమకం పూర్తయ్యేలోపే ఆరిపోతుంది. గిటారు మీద సుకుమార్ ప్రసాద్, ఆ తరువాత ప్రసన్న ఇదే దారిలో నడిచారు. వారి వాద్యం కూడా ఎలక్ట్రిక్ గిటారే.

సాహిత్యం తెలిసిన మీకు కుడిచెయ్యి సులువుగానే అబ్బుతుంది. సాహిత్యాక్షరం పడిన చోట మీటండి, అక్షరం సాగుతున్నప్పుడు మీటకండి. గిటారు వాయించేవారి చేతిలో మన సంగీతం పొడిపొడిగా వినిపించడానికి కారణం చాలాసార్లు ఎడమచెయ్యి కాదు, అవసరానికి మించి మీటే కుడిచెయ్యే.

గిటారు మెట్లు పన్నెండు సమాన భాగాల లెక్కలో ఉంటాయి. వదిలేసిన పంచమాన్ని ట్యూనరుతో కాక తంబుర వింటూ చెవితో కలపండి, తేడా బహు స్వల్పమే అయినా చెవికి హాయిగా ఉంటుంది. అంతర గాంధారం మాత్రం తంబురలో మోగే సహజ గాంధారం కన్నా 14 సెంట్లు, అంటే అర్ధస్వరంలో సుమారు ఏడో వంతు, ఎక్కువగా ఉంటుంది. కల్యాణిలోనో శంకరాభరణంలోనో గాంధారం మీద నిలబడితే ఇది తెలుస్తుంది. నేను అక్కడ ఎక్కువసేపు నిలవను, నిలిచినా కింది నుంచి జారుగా చేరుకుంటాను.

స్లైడ్ గిటారు విషయంలో నాకు గౌరవమే. బ్రిజ్ భూషణ్ కాబ్రా, మోహనవీణ రూపొందించి 1994లో గ్రామీ అందుకున్న విశ్వమోహన్ భట్ హిందుస్తానీలో దాన్ని ఎంత ఎత్తుకు తీసుకుపోయారో అందరికీ తెలుసు. మన సంప్రదాయంలో మెట్లు లేని చిత్రవీణ ఉండనే ఉంది. అయితే స్లైడ్ గిటారు వేరే వాద్యం, ఒళ్ళో పడుకోబెట్టి కడ్డీతో వాయించాలి, మీకు గిటారు మీద ఉన్న అలవాటు ఏదీ అక్కడికి రాదు. ఫ్రెట్‌లెస్ గిటారులో వేలి మాంసం మీద ఆగే తీగ నాదం త్వరగా ఆరిపోతుంది కనుక నేను సూచించను.

మెట్ల నడుమ చెక్కను గుంటలుగా తొలిపించుకోవడం గురించి కూడా అడిగారు. శక్తి అనే సంగీత బృందంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ వాడిన గిటారు ఫలకం అలా తొలిచినదే, దానికి అదనంగా అనునాద తీగలూ ఉండేవి. ఆయన వీణ కూడా నేర్చుకున్నాడు. తొలిచిన ఫలకం లాగుడుకు నిజంగా హాయిగా ఉంటుంది, కానీ కాస్త గట్టిగా నొక్కితే స్వరం పెరిగిపోతుంది, తొలిచిన చెక్క మళ్ళీ రాదు. ఎత్తయిన లావు మెట్లున్న గిటారు కొంటే ఆ సౌకర్యంలో చాలా భాగం ఎలాగూ దొరుకుతుంది.

ఆంప్లిఫయరు చిన్నదైనా చాలు, శబ్దం శుభ్రంగా ఉంచి, నాదం నిలవడానికి ఒక కంప్రెసర్ పెడల్ పెట్టుకోండి. డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా మార్చే ఏర్పాటు) పెడితే షడ్జమ పంచమాలు కలిసి మోగినప్పుడు బురదగా వినిపిస్తుంది. లాగి వదిలాక తీగ పాత శ్రుతికి తిరిగి రాకపోతే నట్ గాడిలో పెన్సిల్ ముల్లు పొడి రాయండి, సాధారణంగా సర్దుకుంటుంది.

కొత్తది కొనేలోపు ఇంట్లో ఉన్న అకూస్టిక్‌కే చుట్టులేని మూడో తీగ ఉన్న 10 నంబరు ఎలక్ట్రిక్ సెట్టు వేసి, పైన చెప్పిన అమరికకు దింపి, మోహన వర్ణం పల్లవి ప్రయత్నించండి. ధ్వని కొంత తగ్గుతుంది, మందపు తీగలు మెట్లకు తగిలి కొద్దిగా గలగలమనవచ్చు. తీగల బిగువు తగ్గినందున మెడ వెనక్కి వంగడమే అందుకు కారణం, మెడ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే కడ్డీని కాస్త వదులు చేయిస్తే పోతుంది.