ఒకే వాక్యం రెండు చోట్ల

తిరుపతి

అమ్మా,

నీ కథా, దాంతోపాటు పంపిన సిద్ధాంత గ్రంథం మూడో అధ్యాయమూ రెండూ చదివాను. రెండూ మన గంగజాతర మీదే, మగవాళ్ళు రోజుకో వేషం కట్టి గంగమ్మకు మొక్కు తీర్చుకునే జాతర మీదే. అందులో తప్పేం లేదు, ఆ జాతరలో ఎన్ని పరిశోధనలకైనా ఎన్ని కథలకైనా చోటుంది. కానీ ఒక వాక్యం రెండింటిలోనూ అక్షరం పొల్లు పోకుండా కనపడింది. "స్త్రీ వేషం ధరించడం ద్వారా పురుషుడు తన ఆధిపత్యాన్ని తాత్కాలికంగా పరిత్యజిస్తున్నాడు." కింద ఆధారం చూపించగలిగితే అధ్యాయంలో ఉండనీ. కథలో మాత్రం ఉండకూడదు. ఎందుకుండకూడదో, ఆ జాగాలో ఏం రాయాలో చెప్పడానికే ఈ ఉత్తరం.

యూనివర్సిటీ చదువు కథను చంపేస్తుందని నీతో ఇప్పటికే చాలామంది అనుంటారు. నేను నమ్మను. మొదటి ప్రతి రాస్తున్నప్పుడు వచ్చి పక్కన కూర్చుంటే మాత్రం అది కథకు ఊపిరాడనివ్వదు. పరిశోధకుడు పాఠకుడికి పడ్డ బాకీ ఏమిటంటే, ఈ సంగతి తనకెట్లా తెలిసిందో చెప్పడం. ఎవరు చెప్పారు, ఏ రోజు, ఏ వీధిలో, ఏ పుటలో ఉంది, అన్నీ చెప్పాలి. కథకుడికి ఆ బాకీ లేదు. ఆ సంగతిని చదివేవాళ్ళే కనిపెట్టుకోవాలి, కనిపెట్టుకున్నామన్న తృప్తి వాళ్ళకు దక్కాలి. నువ్వు ముందే చెప్పేస్తే ఆ తృప్తిని లాగేసుకున్నట్టే.

ఒకే మనిషి రెండు పనులూ చేయగలడా అన్న అనుమానం నీకక్కర్లేదు. కేతు విశ్వనాథరెడ్డిగారు కడప జిల్లా ఊర్ల పేర్ల మీద పరిశోధన చేశారు, ఆ సీమ పల్లెల మీదే కథలూ రాశారు. ఇంకా దగ్గరగా చూడాలంటే తాళ్ళపాక వారి రాగి రేకులున్నాయి, అన్నమయ్య, ఆయన వంశంవాళ్ళ కీర్తనలు చెక్కినవి. రేకుల మీద కీర్తనకు రాగం పేరు చెక్కి ఉంది, స్వరం లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఆ రేకుల పాఠాన్ని పరిష్కరించారు. ఆ పనిలో సొంత ఊహకు తావు లేదు. అక్షరం అరిగిపోయిన చోట అరిగిందనే చెప్పాలి. ఆ కీర్తనలకే ఆయన వరసలు కూడా కట్టారు. అక్కడ రాగం పేరు దాకానే ఆధారం, ఆ పైన ఆయన చెవి, ఆయన గొంతు. ఆ వరసలు రాళ్ళపల్లివారివని మనకు తెలుసు, అన్నమయ్యవని ఎవరూ అనరు. ఆధారం ఎక్కడ ఆగిపోయిందో అంత కచ్చితంగా ఎరిగినవాళ్ళకే దాన్ని దాటి ధైర్యంగా పోవడం కుదురుతుందని నా నమ్మకం.

ఇక నీ వాక్యం సంగతి. దాన్ని కొట్టేసి, దానికి ముందు ఏం జరిగిందో రాయి. అక్క తమ్ముడికి చీర కడుతోంది. వాడి నడుము సన్నం, కుచ్చిళ్ళు నిలవడం లేదు. మొలతాడు బిగించి దాని కిందికి దోపుతుంది. పిన్నీసు పళ్ళ మధ్య పట్టుకుని, "కదలాకురా" అంటుంది. "ఈ ఎండలో ఇదెట్లా కట్టుకోని తిరగతారుక్కా మీరు?" అంటాడు వాడు. అక్క బదులు చెప్పదు, పిన్నీసు గుచ్చి కొంగు సర్దుతుంది. అంతే, అక్కడాగు. సరిగ్గా అక్కడే నీ చెయ్యి "ఆధిపత్యం" అని రాయడానికి లేస్తుంది. రాశావంటే ఆ తమ్ముడి ప్రశ్న వృథా అయిపోతుంది.

ఇలాంటి వివరాలు అధ్యాయం కోసం రాసుకున్న నోట్సులో దొరకవు, ఎందుకంటే అక్కడ నువ్వడిగిన ప్రశ్నలు వేరు. "ఈ వేషం గురించి మీ అభిప్రాయం ఏమిటి?" అని అడిగితే అభిప్రాయమే వస్తుంది. బైరాగి వేషం నాడు ఒంటికి పూసే సుద్ద ఎవరు కలిపారు, ఎంత చిక్కగా కలిపారు, కనురెప్పల మీద పూసేటప్పుడు పిల్లవాడు ఏమన్నాడు అని అడుగు. మే నెల ఎండకు ఆ సుద్ద ఆరి మోచేతి మడతల్లో పగుళ్ళిస్తుంది, చెమట కారినచోట చారలు పడుతుంది. తోటి వేషం నాడు బొగ్గు, దొర వేషం నాడు చందనం. ఒంటి మీద ఏది ఎట్లా ఉంటుందో వేసుకున్నవాళ్ళనే అడగాలి. అందుకే రెండు నోటు పుస్తకాలు పెట్టుకో. ఒకదాంట్లో పేరు, వయసు, వీధి, తేదీ, రికార్డు చేసిన వేళ. రెండోదాంట్లో వస్తువులు, చేతులు, వాసనలు, విన్న మాటలు విన్నట్టే. రెండో పుస్తకంలో "సూచిస్తుంది", "ప్రతీక" అన్న మాటలు రానివ్వకు.

వేళ కూడా ముఖ్యం. కథ పొద్దున్నే రాయి, గంటా గంటన్నర చాలు. జర్నళ్ళు ఆ తర్వాతే ముట్టుకో. రెండు గంటలు సిద్ధాంత వ్యాసాలు చదివి కథకు కూర్చుంటే ఆ నడక వేళ్ళలోకి వచ్చేస్తుంది. "చేయబడింది"లు, "ఈ నేపథ్యంలో"లు తెలియకుండానే పడతాయి. రికార్డింగును కాగితం మీదికి ఎత్తి రాసే పని మాత్రం ఇందుకు భిన్నం. గంట మాటలు ఎత్తి రాయడానికి ఐదారు గంటలు పడుతుంది, విసుగు పుడుతుంది. అయినా ఆ పనిని ఇంకొకళ్ళకు అప్పజెప్పకు. మనిషి వాక్యాన్ని ఎక్కడ తుంచి మళ్ళీ అందుకుంటాడో చెవికి పట్టేది అందులోనే. కథకు అంతకంటే మంచి తాలీము లేదు.

మొదటి ప్రతి అయ్యాక పది రోజులు ముట్టుకోకు. తర్వాత ఎర్ర పెన్సిల్ తీసుకుని "-త్వం", "-ఈకరణ", "-ఆత్మక" అని ముగిసే మాటలకూ, "ద్వారా"కూ, "-బడు" క్రియలకూ గీత కొట్టు. "పెద్దరికం", "మంచితనం" లాంటివి ఇంట్లో అనుకునే మాటలే, వాటిని వదిలెయ్. రెండు వందల యాభై మాటల పేజీలో రెండుకు మించి గీతలుంటే ఆ పేజీ వ్యాసమైపోతోందని గుర్తు. నీ కథ రెండో పేజీలో తొమ్మిదున్నాయి. సంభాషణ తర్వాత దాని అర్థం చెప్పే వాక్యాలకు కూడా గీత కొట్టు. "ఆమె గొంతులో తరాల అణచివేత ధ్వనించింది" అన్నావు. ఆమె అన్న మాటలో అది ధ్వనిస్తే ఈ వాక్యం దండగ, ధ్వనించకపోతే మార్చాల్సింది ఆమె మాటను.

నీలోని పరిశోధకురాలిని పిలవాల్సింది ఇప్పుడు. ఒక కాగితం మీద వారాలు గీసుకో. చాటింపు మంగళవారం రాత్రి. బుధవారం బైరాగి, గురువారం బండ, శుక్రవారం తోటి, శనివారం దొర, ఆదివారం మాతంగి, సోమవారం సున్నపుకుండలు, మంగళవారం జాతర. నీ కథలో బండ వేషం మర్నాడే అమ్మవారు ఆడవాళ్ళను చెరిచే ఆ పాలెగాణ్ణి చంపుతుంది. అది దొర వేషం నాటి సంగతి, మధ్యలో ఒక రోజు ఎగిరిపోయింది. పైగా వేషం కోసం పిల్లవాడు బడి ఎగ్గొట్టాడని రాశావు. జాతర మే నెలలో, అప్పుడు బడులకు సెలవులు. తిరుపతిలో పుట్టిపెరిగిన పాఠకులు ఆ పేజీ దగ్గరే నిన్ను నమ్మడం మానేస్తారు.

తెలిసిందంతా చెప్పాలన్న ఆత్రం కూడా వద్దు. ఆరు పేజీల కథలో ఇన్ని వేషాలూ దిగాయి. ఒకటి ఉంచు, మహా అయితే రెండు. మిగతావన్నీ అధ్యాయంలో భద్రంగానే ఉంటాయి.

యాస గురించి కొంచెం. అధ్యాయంలో చెప్పినవాళ్ళ పలుకు యథాతథంగా ఉండాలి, ఒక్క ఒత్తు మార్చినా తప్పే. కథలో అన్ని పలుకులూ రాస్తే చదవలేరు. "ఉండాడు", "చేస్తా", "యాడ" లాంటివి పది పన్నెండు ఎంచుకుని ఒక చీటీ మీద రాసుకో, కథ మొత్తం ఆ రూపాలనే వాడు. మనిషి ఏ వైపువాడో తేల్చుకో. నగరి వైపు తెలుగులో తమిళం తగులుతుంది, పలమనేరు వైపు కన్నడం. వృత్తి పదకోశాలు దగ్గర పెట్టుకో, వ్యవసాయ పదకోశం 1962లోనే వచ్చింది. అయితే అక్కడ దొరికిన మాటను ఎవరి నోటనైనా వాక్యంలో వినేదాకా కథలోకి తేవద్దు. పదకోశం మాటకు అర్థం చెబుతుంది గానీ దాన్ని ఎవరు ఎవరి ముందు అంటారో చెప్పదు.

కథలోకి వ్యాసం చొరబడితే, అధ్యాయంలో దానికి ఎదురు తప్పుంది, అక్కడికి కథ చొరబడింది. "ఆ రాత్రి ఊరంతా అమ్మవారై ఊగిపోయింది" అని రాశావు. చదవడానికి ఎంతో బాగుంది. ఊరంతా అంటే ఎవరు? నువ్వున్నది ఒక వీధిలో. "తాతయ్యగుంట గుడి వీధిలో రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా నేను చూసినంతలో" అని మొదలుపెట్టి, చూసింది రాయి. పరీక్షకులు ఒప్పుకోరని కాదు చెప్పేది, తర్వాత ఈ జాతర మీద పనిచేసేవాళ్ళు నీ వాక్యం మీద ఆధారపడతారు.

ఇంకొక్కటి, ఇది కచ్చితంగా పాటించాలి. నువ్వు కథలో వాడుకున్న ఆ మరిది సంగతి ఆ తల్లి నీకు చెప్పింది పరిశోధన కోసం. కథలో పేరు మార్చినంత మాత్రాన సరిపోదు, ఆ వీధివాళ్ళకు ఆ ఇల్లు ఇట్టే తెలిసిపోతుంది. మళ్ళీ వెళ్ళి కథలో వాడుకోవచ్చా అని అడుగు. వద్దంటే ఆ సంఘటన తీసెయ్, వేరే రెండిళ్ళ సంగతులు కలిపి కొత్తది అల్లుకో. ఆమె జవాబు వచ్చాకే రెండో ప్రతి పంపు. అధ్యాయం కూడా జతచెయ్, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాను.

ఆశీస్సులతో.