ఒంగోలులో ఉంటాను, ఎక్కువగా వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ ఆడతాను. పదిహేను వేలలోపు ఏ మానిటర్ తీసుకోవాలి?

24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 144 హెర్ట్జ్, ఐపీఎస్ రకం ప్యానెల్ (తెర) చూడండి. 60 హెర్ట్జ్‌లో తెర మీద బొమ్మ 16.7 మిల్లీసెకన్లకోసారి మారితే, 144లో దాదాపు 7కే మారుతుంది. శత్రువు మూల తిరిగి ఎదురొచ్చినప్పుడు ఆ తేడా కంటికి తెలిసిపోతుంది. అయితే మీ గ్రాఫిక్స్ కార్డు సెకనుకు దాదాపు 144 ఫ్రేములు (బొమ్మలు) ఇవ్వగలగాలి, లేదంటే ముందు దాని సంగతి చూసుకోండి. పెట్టె మీద రాసే ‘1 ఎంఎస్’ని (తెర చుక్క రంగు మారడానికి ఒక మిల్లీసెకనే పడుతుందనే మాటని) నేనైతే పట్టించుకోను. వీఏ అనే ఇంకో రకం ప్యానెల్‌లో నలుపు బాగుంటుంది గానీ, చవక రకాల్లో చీకటి సీన్లలో కదిలే బొమ్మ వెనక మసక తోక వస్తుంది.

ఒంగోలులో కొన్నా, నెల్లూరు ట్రంకు రోడ్డుకెళ్లి కొన్నా, షాపులోనే తెల్ల తెర, నల్ల తెర పెట్టించి పాడైన చుక్కలున్నాయేమో చూడండి. ఇంటికొచ్చాక విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 144 పెట్టండి. చాలామందికి అది 60లోనే ఉండిపోతుంది.